నేల నెమలి ఆడ కనిపిచ్చింది

బూరుగుగుట్ట క్యాంపు,
నారాయణపేట జిల్లా,
6 జులై 2024, శనివారం

వదినకు, మృదుల నమస్కరించి రాస్తున్నది.

క్షేమంగా చేరాను. క్యాంపు అంటే మీరు గుడారాలూ లాంతర్లూ ఊహించుకుంటారేమో, అదేం కాదు. ఎవరో ఎప్పుడో కట్టి మరిచిపోయిన రెండు గదుల క్వార్టరు. ఒక గదిలో నేను, ఇంకో గదిలో బల్లులు. ఫోన్ పనిచేయదు. గుట్ట ఎక్కి మూడో బండ మీద నిలబడి చెయ్యి పైకెత్తితే సిగ్నల్ ఒక గీత వస్తుంది. ఆ గీతను చూసుకుని సంతోషపడి దిగి రావడమే. సరుకులు తెచ్చే జీపు శనివారం వస్తుంది, నా పోస్టుమాన్ అదే. మీరు రాస్తే నారాయణపేట ఆఫీసు అడ్రసుకు రాయండి.

నిజం చెప్పాలంటే ఫోన్ లేకపోవడమే మంచిదనిపించింది. మీ తమ్ముడు పోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో మనిద్దరం ఫోన్లో "తిన్నారా వదినా", "తిన్న, నువ్వు తిన్నవా" దాటి ఒక్క మాట మాట్లాడుకున్నామా? కాగితం మీదైనా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

ఇక్కడ రెండు వందల ఎకరాల గడ్డి బీడు ఉంది. కాగితాల్లో "పనికిరాని భూమి" అని ఉంటుంది. సోలార్ పలకలు పరుస్తామని ఒక కంపెనీ అడుగుతోంది. ఈ గడ్డిలో కాపాడవలసిన జీవాలు ఏమైనా ఉన్నాయో లేవో వానాకాలం అయ్యేలోగా నేను తేల్చి చెప్పాలి. ఉన్నాయంటే బీడు ఉంటుంది, లేవంటే పలకలు వస్తాయి. నాకు తోడు సిద్దిరాములని అటవీశాఖ వాచరున్నాడు. ఈ ఊరివాడే, యాభై దాటాయి, ఇంట్లో ఇరవై మేకలున్నాయి. మొదటిరోజే అడిగాడు, "గీ గడ్డిల ఏమున్నదని ఒచ్చిన్రు మేడం, పట్నంల నౌకరి దొరకలేదా?" అని.

ఎల్బీనగర్ ఫ్లాటు తాళం మీ దగ్గరే ఉంది కదా. కుదిరినప్పుడు వెళ్ళి కిటికీలు తెరవండి. మూసిపెడితే గోడలు వాసనేస్తాయి.

జీపువాడు హారన్ కొడుతున్నాడు. అయ్యో, అసలు సంగతే మరిచాను! మొన్న పొద్దున్న ఒకడు కనిపించాడు వదినా. ఎన్నాళ్ళుగానో నేను ఎదురుచూస్తున్నవాడు. నల్లగా, సన్నగా, పొడుగాటి మెడ. నన్ను చూసి పారిపోలేదు. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మొదట మీకే. వివరంగా మళ్ళీ రాస్తాను.

మీ
మృదుల


సరూర్‌నగర్,
11 జులై 2024

చి. మృదులకు వదిన భూలక్ష్మి దీవెనలు.

పైన గీత పెట్టి కొట్టేసింది ఏమిటా అని వెలుతురుకు పెట్టి చూడకు. ఉత్తరం మొదలుపెట్టగానే అలవాటు కొద్దీ చేయి "సౌ" రాసేసింది. కొట్టేసిన తర్వాత అనుకున్నాను, కొట్టకపోయినా బాగుండేదేమో అని. నువ్వు చివర్లో రాసిన మాట చదివాక అలా అనిపించింది.

ఆషాఢం కదా, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణాల ముందు నడవడానికి సందు లేదు. అందరూ డిస్కౌంట్లో చీరలు కొని నా దగ్గరికి ఫాలూ పికో కోసం వస్తున్నారు. "రేపటికి కావాలె అక్కా" అనడమే గానీ ఎల్లుండి అనేవాళ్ళు ఒక్కరూ లేరు. హాస్టల్ పిల్లలు కొనుక్కున్న డ్రస్సులన్నీ నా దగ్గర చిన్నవి అవుతాయి, పరీక్షలు అయ్యేసరికి మళ్ళీ పెద్దవి అవుతాయి. ఈ రోజు గురువారం, గుడి జనంతో మా గల్లీలోకి ఎవరూ రాలేరు. అందుకే రాయడానికి తీరింది.

ఇప్పుడు అసలు మాట. ఆ మనిషి గురించి నువ్వు మొదట నాకే చెప్పావు, అది చాలు నాకు. నీకు ఇంకా ముప్పై ఆరు నిండలేదు. యోగి నిన్ను ఇంటికి తెచ్చినప్పుడు ఆంధ్రావాళ్ళ పిల్ల అని నేను మూడు నెలలు నీతో మాట్లాడలేదు. ఆ తప్పు రెండోసారి చేయను. కులం అడగను, ఊరు అడగను. నలుపైతే ఏముంది, మన యోగి తెలుపా? ఏం పని చేస్తాడు? తాగుడు ఉందా? ఇంతకుముందు పెళ్ళయిందా? సిగ్గుపడకుండా రాయి. నేను ఏడ్చాననుకోకు. జర ఏడ్చాను, కానీ ఆ ఏడుపు వేరు.

భూలక్ష్మి


బూరుగుగుట్ట,
20 జులై 2024

వదినకు,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. సిద్దిరాములు పరుగెత్తుకొచ్చాడు, పాము కనిపించి అరిచాననుకుని. తర్వాత చాలాసేపు నవ్వలేకపోయాను.

ఆ నల్లటివాడు మనిషి కాదు వదినా. పక్షి. నేల నెమలి అంటారు. కోడికన్నా కొంచెం పెద్దది. దేశంలోనే చాలా తక్కువ మిగిలాయి. గడ్డి లేకపోతే ఇవీ లేవు. వానలు పడగానే మగపక్షికి ఒళ్ళంతా నల్లబడి, తల వెనక తీగల్లా వంపు తిరిగిన ఈకలు వస్తాయి. అప్పుడు గడ్డిలో ఒకచోట నిలబడి ఎగరడం మొదలుపెడుతుంది. పారిపోయే ఎగురుడు కాదు. ఉన్నచోటే నిలువుగా మనిషెత్తు పైకి లేచి, గొంతులో టరటరమని చప్పుడు చేసి, మళ్ళీ అక్కడే దిగుతుంది. రోజుకు మూడు వందల సార్లు, నాలుగు వందల సార్లు. ఎక్కడో గడ్డిలో దాక్కున్న ఆడపక్షి చూడాలని. ఆడది మట్టి రంగులో ఉంటుంది, పక్కనే ఉన్నా కనిపించదు.

తాగడు. ఉద్యోగం ఎగరడమే. పెళ్ళి సంగతి ఇంకా తెలియదు.

పొద్దున్న ఐదున్నరకు మాటులోకి వెళ్ళి కూర్చుంటాను. మాటు అంటే నాలుగు కర్రలు, ఆకుపచ్చ గుడ్డ. కూర్చోవడానికి పీట. వాడు ఎన్నిసార్లు ఎగిరాడో గీతలు పెడతాను. పదింటికి ఎండ ఎక్కితే వాడూ ఆగుతాడు, నేనూ వస్తాను. సాయంత్రం మళ్ళీ. మధ్యాహ్నం అన్నం వండుకుంటాను, ఒక్కదానికి ఎంత బియ్యం పొయ్యాలో ఇంకా చేతికి రాలేదు. మిగిలింది సిద్దిరాములు మేకలకు పెడుతున్నాను. మనిషి గొంతు వినడం కోసం రేడియో పెడితే కన్నడం వస్తుంది, సరిహద్దు దగ్గర కదా. అర్థం కాకపోయినా వింటున్నాను.

రేంజర్ గారికి వీడి ఫోటో చూపించాను. "ఒక్క మగపక్షి అంటే దారి తప్పి వచ్చిందంటారు మేడం. ఆడపక్షి ఉంది, గూడు కడుతోంది అంటే మాట వేరు. అప్పుడు ఎవరూ ముట్టుకోలేరు" అన్నారు. అంటే వదినా, మా వాడికి ఎంత అవసరమో ఈ బీడుకీ అంతే అవసరం, ఒక ఆడపక్షి.

మూడు నెలలు మాట్లాడలేదని రాశారు. నేను ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాను. మీరు మరిచిపోలేదని ఇప్పుడే తెలిసింది.

మృదుల


సరూర్‌నగర్,
25 జులై 2024

చి. మృదులకు,

పిట్ట అని మొదటి వాక్యంలోనే రాస్తే నీ సొమ్మేం పోయేది? నేను పక్కింటి లలితకుమారికి కూడా చెప్పేశాను. ఆమె రోజూ గోడ మీదుగా "ముహూర్తం ఎప్పుడు" అని అడుగుతోంది. పిట్ట అని ఎట్ల చెప్పాలె?

శుక్రవారం మీ ఫ్లాటుకు వెళ్ళాను. మెట్రో చివరి స్టేషన్‌లో దిగి నడిచాను. కిటికీలు తెరిచాను. కాసేపు కూర్చుందామని కూర్చుంటే సాయంత్రం అయింది.

ఆ పిట్టకు తోడు దొరకాలని గుడిలో మొక్కాను. పూజారి గోత్రం అడిగాడు, చెప్పలేదు.

భూలక్ష్మి


బూరుగుగుట్ట,
3 ఆగస్టు 2024

వదినా! వదినా!

మీ మొక్కు ఫలించింది. ఆడపక్షి ఉంది!

సోమవారం నేను నారాయణపేటలో మీటింగుకు వెళ్ళాను. వెళ్తూ సిద్దిరాములుకు చెప్పాను, ఏం కనిపించినా చీటీ రాసి బల్ల మీద పెట్టమని. సాయంత్రం వచ్చి చూస్తే, రేషన్ రసీదు వెనక వాడి చేతిరాత. మీకోసం ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "మేడం, నేల నెమలి ఆడ కనిపిచ్చింది. రాళ్ళకుప్ప పక్కకు. పొద్దుగాల ఆరు." అంతే. ఆ చీటీని ఎన్నిసార్లు చదివానో! మర్నాడు నేను కూడా రాళ్ళకుప్ప వైపు చూస్తుంటే మట్టి రంగు వీపు ఒకటి గడ్డిలోకి జారిపోయింది. ఒక్క క్షణం. అయినా చూశాను.

ఆ రోజే రిపోర్టు రాసి జీపును ప్రత్యేకంగా పిలిపించి పంపాను. శుక్రవారానికల్లా ఉత్తర్వు వచ్చింది. రాళ్ళకుప్ప చుట్టూ నలభై ఎకరాల్లో నవంబరు దాకా మేకలు, గొర్రెలు, గడ్డి కోత అన్నీ బంద్. సోలార్ వాళ్ళ కాగితాలు పక్కన పెట్టేశారు. రేంజర్ గారు చేతులు కలిపి "కంగ్రాట్స్ మేడం" అన్నారు.

సిద్దిరాములు వస్తే రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. నీ చీటీయే ఈ బీడును కాపాడింది అన్నాను. పాపం, బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. పొగిడితే సిగ్గుపడే మనుషులు ఇంకా ఉన్నారు. పాయసం వండాను. ఇద్దరం తిన్నాం. ఇక్కడికి వచ్చాక ఒకరితో కలిసి తినడం ఇదే మొదటిసారి.

మీ తమ్ముడికి చెప్పాలనిపించింది వదినా. గుట్ట ఎక్కి ఆ మూడో బండ దాకా వెళ్ళాను, ఫోన్ కూడా తీశాను. ఎవరికి చేద్దామని తీశానో అప్పుడు గుర్తొచ్చింది.

మృదుల


సరూర్‌నగర్,
8 ఆగస్టు 2024

చి. మృదులకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు సంతోషంగా ఉన్నావు, చాలు.

ఇక్కడ వానలు. చెరువు నిండి వెనక కాలనీలోకి నీళ్ళు వచ్చాయి. మాకు రాలేదు. మిషన్ బెల్టు తెగితే కొత్తది వేయించాను. లలితకుమారి మనవరాలికి ఓణీల ఫంక్షన్, జాకెట్టు నేనే కుట్టాను, చంక దగ్గర బిగుతు అయితే విప్పి మళ్ళీ కుట్టాను.

ఆ చీటీ రాసిన మనిషిది ఏ ఊరు? అక్కడివాడేనా, వేరే దిక్కునుంచి వచ్చాడా? నువ్వు అతన్ని కూర్చోబెట్టి నోటితో వివరంగా అడిగావా? ఊరికే అడుగుతున్నాను.

ఒంట్లో జాగ్రత్త.

భూలక్ష్మి


బూరుగుగుట్ట,
24 ఆగస్టు 2024

వదినకు,

మీ ఉత్తరం పోస్టుకార్డు మీద వచ్చినట్టుంది. నేను నాలుగు పేజీల సంతోషం పంపితే మీరు మిషన్ బెల్టు పంపారు. కోపమేం లేదు, అలిగాను అంతే. సిద్దిరాములుది ఈ ఊరే అని మొదటి ఉత్తరంలోనే రాశాను. మీరు నా ఉత్తరాలు సరిగ్గా చదువుతున్నారా?

రాళ్ళకుప్ప దగ్గర బోర్డు పెట్టారు. "ఆడ నేల నెమలి గూడు కట్టే ప్రాంతం. ప్రవేశం లేదు" అని. ఊరివాళ్ళు నా మీద మండిపడుతున్నారు. దగ్గరి గడ్డి పోయింది, మందల్ని రెండు గుట్టల అవతలికి తోలుకుపోవాలి. సిద్దిరాములు మేకలదీ అదే గతి. వాళ్ళావిడ మోకాళ్ళ నొప్పులతో రోజూ అంత దూరం నడుస్తోంది. నిన్న దారిలో ఆగి, "పిట్టకున్న విలువ మాకు లేకపాయె బిడ్డా" అంది. నాలుగు నెలలు ఓర్చుకోమన్నాను.

కెమెరాలు ఆరు పెట్టాను. మావాడు ఇప్పుడు రాళ్ళకుప్ప పక్కకే మారాడు, అక్కడే ఎగురుతున్నాడు. నిన్న ఒక్కపూటలో నూట డెబ్బై ఆరు సార్లు. ఆడదాని ఫోటో ఒక్కటీ పడలేదు. గుడ్ల మీద ఉంటే కదలదు, అందుకే పడటం లేదు. సిద్దిరాములు ఈమధ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మేకల కోపం అయ్యుంటుంది.

మృదుల


సరూర్‌నగర్,
5 సెప్టెంబరు 2024

మృదులా,

నెల రోజులుగా ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. నీ ఉత్తరాలు సరిగ్గా చదువుతున్నానా అని అడిగావు. చదివాను కాబట్టే ఈ పరేషాన్.

నేను కాగితం మీద బడిలో సారు నేర్పినట్టు రాస్తాను. నోటితో అలా మాట్లాడను, నీకు తెలుసు. ఆ సిద్దిరాములు బడికి వెళ్ళాడో లేదో, నోటితో అన్నట్టే చీటీ రాశాడు. మా దిక్కు ఆడ అంటే ఆడది కాదు. ఆడ అంటే అక్కడ. ఈడ, ఆడ. "నేల నెమలి ఆడ కనిపిచ్చింది, రాళ్ళకుప్ప పక్కకు." అంటే పిట్ట ఎప్పుడూ ఉండే చోట కాకుండా అక్కడ, రాళ్ళకుప్ప పక్కన కనిపించింది అని. నీ నల్లటివాడే జాగా మారాడు. ఆడపక్షి సంగతి ఆ చీటీలో లేదు.

నా మాట తప్పు కావచ్చు. అతన్నే అడుగు.

మొదటిసారి చదివినప్పుడే నాకు అర్థమైంది. నువ్వు పాయసం వండావని రాశావు. యోగి పోయిన తర్వాత నువ్వు తీపి వండటం అదే మొదలు. అది చదివి కలం పక్కన పెట్టి, మిషన్ బెల్టు గురించి రాశాను. తర్వాత అతని ఇంటావిడ మోకాళ్ళ సంగతి రాశావు. ఇంక నా వల్ల కాలేదు.

ఇంకొకటి. దవాఖానలో ఆ రోజు పొద్దున "బాగానే ఉన్నాడు వదినా, మీరు ఇంటికెళ్ళి స్నానం చేసి రండి" అని నన్ను పంపావు. నేను వచ్చి చారన్నం కలిపాను. డబ్బా పట్టుకుని తిరిగి మెట్లు ఎక్కేసరికి అంతా అయిపోయింది. డాక్టరు పొద్దున్నే నీకు చెప్పేశాడని, ఈ రోజు దాటదన్నాడని, తర్వాత నర్సమ్మ నాకు చెప్పింది. నేను ఏనాడూ నిన్ను అడగలేదు. నేను తట్టుకోలేనని దాచావని నాకు నేనే చెప్పుకున్నాను. నా మేలు కోరే చేశావు. కానీ మృదులా, మేలు కోరి దాచిన మాట ఎంత బరువుంటుందో మూడేళ్ళుగా మోస్తున్నదాన్ని నేను. అది నీ మీద పెట్టదలచుకోలేదు.

భూలక్ష్మి


బూరుగుగుట్ట,
21 సెప్టెంబరు 2024

వదినకు,

మీరు రాయకుండా ఉండాల్సింది.

సిద్దిరాములును అడిగాను. తల వంచుకుని కాలితో మట్టి గీస్తూ అన్నాడు, "ఆడ అంటే ఆడనే మేడం, గా రాళ్ళకుప్ప కాడ. ఆర్డర్ ఒచ్చిననాడే నాకు సమజైంది. చెప్పాలనే ఒచ్చిన. మీరు నా చేతులు పట్టుకొని గంత ఖుషీ అయిన్రు. ఒచ్చినసంది మీరు నవ్వంగ సూడలే. ఎట్ల చెప్పాలె?" వాడి మేకలు, వాడి ఇంటిది రెండు గుట్టలు దాటి నడుస్తున్నా వాడు నోరు విప్పలేదు. నా నవ్వు కోసం.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో "ఆడ ఆగుతది, ఆడ నిలబడు" అన్న మాటలు వింటూ పెరిగినదాన్ని. మా నాన్నగారిది ఏలూరు కావచ్చు, నేను పుట్టింది కొత్తపేటలో. నాకు తెలియని మాటా అది? నాకు కావలసింది చదువుకున్నాను. ఆ మట్టి రంగు వీపు కూడా కౌజుపిట్టదే అయ్యుంటుంది. రిపోర్టు రాసేటప్పుడు నా చేయి ఒక్కసారి ఆగింది కూడా. అయినా రాశాను. ఇన్నేళ్ళ చదువు, ఇంత ఉద్యోగం, చివరికి చేసింది ఇది.

ఇప్పుడు ఏం చేయమంటారు? నిజం చెబితే బీడు పోతుంది. పలకలు వస్తాయి. వచ్చే వానాకాలం వీడు మళ్ళీ వస్తే దిగడానికి జానెడు గడ్డి ఉండదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. "గూడు దొరకలేదు" అని రాసి ఊరుకోవచ్చు, దొరకని గూళ్ళు ఎన్నో ఉంటాయి. నాకు, సిద్దిరాములుకు, మీకు తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలియదు. మీరు మీ మనసులో బరువు దింపుకున్నారు. నా నెత్తిన పెట్టారు.

మృదుల


సరూర్‌నగర్,
26 సెప్టెంబరు 2024

మృదులకు,

నాకు పక్షుల సంగతి తెలియదు, గడ్డి సంగతి తెలియదు. నువ్వు ఏం చేసినా నా దగ్గరినుంచి ఒక్క మాట బయటికి పోదు. లలితకుమారికి కూడా చెప్పను.

చెరువులో నిమజ్జనాలు అయిపోయాయి. క్రేన్లు వెళ్ళిపోయాయి. గల్లీ ఒక్కసారిగా ఖాళీ అయింది. తిడుతూ రాసినా సరే, రాయడం ఆపకు.

భూలక్ష్మి


బూరుగుగుట్ట,
19 అక్టోబరు 2024

వదినకు,

చెప్పేశాను.

పదో తారీఖున జిల్లా ఆఫీసుకు వెళ్ళి, ఆ చీటీ బల్ల మీద పెట్టి, నేను తప్పు చదివాను, ఆడపక్షి ఉందనడానికి ఆధారం లేదు అని రాసి సంతకం చేసి ఇచ్చాను. పెద్దాయన ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎవరడిగారమ్మా మిమ్మల్ని? సీజన్ అయిపోయాక మేమే నిదానంగా చూసుకునేవాళ్ళం కదా" అన్నారు. ఎగతాళి చేయలేదు. చేసినా బాగుండేది. ఆయనకు కూడా ఆ బీడు పోవడం ఇష్టం లేదని అప్పుడే తెలిసింది.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు రద్దయింది. ఒక్క మగపక్షిని కూడా లెక్కలోకి తీసుకోవాలని మళ్ళీ అర్జీ పెట్టాను. తీసుకున్నారు. తీసుకుని ఎక్కడ పెట్టారో తెలియదు. రాళ్ళకుప్ప దగ్గర బోర్డు పీకేశారు. సిద్దిరాములు ఇంటావిడ మేకల్ని మళ్ళీ దగ్గరి గడ్డిలోకి తోలింది. నన్ను చూసి చెంబుతో మజ్జిగ పంపింది. తాగాను. కొలతలు తీసేవాళ్ళు దసరా సెలవులు కాగానే వచ్చి, బీడంతా ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతారు.

వాళ్ళు కర్రలు పాతుతుంటే వాడు ఎగురుతూనే ఉన్నాడు వదినా. వానలు ఆగిపోయాయి, ఒంటి మీద నలుపు వెలిసిపోతోంది, తల వెనక ఈకలు రాలిపోయాయి. అయినా ఆ రోజు పదకొండు సార్లు ఎగిరాడు. మర్నాడు నాలుగు. ఆ తర్వాత కనిపించలేదు. ఎటు పోయాడో తెలియదు. వాడి కోసం కూడా నేను ఏమీ చేయలేకపోయాను. మాటులో ఇంకో రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. చాలా ఏడ్చాను. అక్కడ ఎవరూ చూడరు.

ఒక కాగితం సరిచేసి వచ్చాక ఇంకొకటి తప్పుగానే ఉండిపోయిందని తెలిసింది. అది మీ దగ్గరుంది.

దవాఖానలో ఆ రోజు మీ మేలు కోరి దాచానని రాశారు. కాదు. మీరు మూడేళ్ళు మంచిగా చదువుకున్నారు నన్ను. డాక్టరు ఎనిమిదింటికి చెప్పాడు, ఈ రోజు దాటడం కష్టమని. చెప్పగానే నా మనసులో వచ్చిన మొదటి ఆలోచన మీ గురించే. మీరు గదిలో ఉంటే ఆయన మీ చేయి పట్టుకుంటాడు అని. ఆయనకు ఏ నొప్పి వచ్చినా నోట వచ్చేది "అక్కా" అనే. జ్వరం వచ్చినా అంతే, వేలు తెగినా అంతే. పెళ్ళయిన ఏడేళ్ళూ నవ్వుతూ ఓర్చుకున్నాను దాన్ని. ఆ ఒక్కపూట ఓర్చుకోలేకపోయాను. మిగిలింది కొద్ది గంటలే, అవి నాకే కావాలనుకున్నాను, నాకొక్కదానికే. అందుకే మిమ్మల్ని ఇంటికి పంపాను. మీరు తట్టుకోలేరని కాదు.

ఈ మాట చెప్పాక మీరు ఇంక రాయరేమో. అది న్యాయమే. మీరు గది తలుపు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడ్డ తీరు నేను రోజూ చూస్తున్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు.

వచ్చే నెల సగం దాకా ఇక్కడే ఉంటాను. ఆ తర్వాత ఎక్కడ వేస్తారో తెలియదు.

మృదుల


సరూర్‌నగర్,
26 అక్టోబరు 2024

మృదులా,

నీ ఉత్తరం ముట్టింది. ఇయ్యాల బడి తెలుగు ఒస్తలేదు నాకు, నోటికొచ్చినట్టే రాస్తున్న.

కోపమొచ్చింది. దీపావళి ముందట రెండు దినాలు దుకాణం తియ్యలే. గిరాకీ ఒచ్చి షట్టర్ కొట్టిపోయిన్రు. అమ్మ పోయినప్పుడు వానికి నాలుగేండ్లు. నా పక్కకే పండుకుంటుండె. గంత పెంచినదాన్ని, ఆఖరికి నన్ను చారు కలుపుమని పంపినవు. నీ ఉత్తరం చింపుదామని పట్టుకున్న. చింపలే.

మాఫ్ చేస్తనా లేదా ఇప్పుడే అడగకు. నాకే తెల్వదు.

గానీ ఒక్కటి అడుగుత. మూడేండ్ల సంది నోటిదాంక ఒచ్చి ఆగుతున్నది. ఫోన్ల నువ్వు తిన్నవా అని అడిగినప్పుడల్ల అసలు అడగాలనుకున్నది గిదే. ఆ కొద్ది గంటలల్ల వాడు నన్ను అడిగిండా? అక్క ఏది అన్నడా?

నాకు బాధయితదని తీసి రాయకు. నాకు మంచిగనిపిస్తదని కలిపి రాయకు. అన్నడంటే అన్నడని రాయి. అనలేదంటే అనలేదని రాయి.

శనివారం జీపుకియ్యి.

భూలక్ష్మి